కాదన్న యంత్రం కారణం చెప్పాలి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,



2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఏఐ సదస్సు జరిగింది. 200 ఎకరాల్లో ఏఐ సిటీ కడతామని ప్రభుత్వం ప్రకటించింది. పరిపాలనలో ఏఐని విరివిగా వాడతామని అప్పటినుంచి తరచూ వింటున్నాం. కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. నాకు ఇది నిజంగానే సంతోషం. అయితే ఈ యంత్రాలు జనం దరఖాస్తుల మీద అవుననో కాదనో తేల్చే చోటికి రాబోతున్నాయి. కొన్ని చోట్ల ఇప్పటికే వచ్చాయి. అందుకే ఈ ఉత్తరం.

నా విన్నపం ఒక్కటే. ఏ యంత్రమైనా ఒక మనిషికి రేషనో పింఛనో ఇవ్వడం కుదరదని చెబితే, ఎందుకు కుదరదో ఆ మనిషికి అర్థమయ్యే తెలుగులో, కాగితం మీద చెప్పాలి. అలా చెప్పలేని యంత్రాన్ని ఆ పనికి పెట్టకూడదు. ఇది కొత్తగా పుట్టిన కోరిక కాదు. యాభై ఏళ్ల కిందటి కంప్యూటర్ ప్రోగ్రాములు ఈ పని చేసి చూపించాయి. వాటిని ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ అంటారు. ఇప్పటి కుర్రవాళ్లకు సిలబస్‌లో అదొక పాత అధ్యాయం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వచ్చి పోతుంది. అందులో ప్రభుత్వానికి పనికొచ్చే సంగతి చాలా ఉంది. కాబట్టి ఈ ఉత్తరంలో కొంత పాఠం కూడా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

ఈ ఉత్తరం హైదరాబాద్‌లోని కాప్రా నుంచి రాయడానికి కారణం ఉంది. 1967లో అణుశక్తి శాఖ కింద ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడే మొదలైంది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరుతోనే మా ఏఎస్ రావు నగర్ ఉంది. టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అనే కంప్యూటర్లు ఈ సంస్థ నుంచే దేశంలోని ప్రయోగశాలలకూ విశ్వవిద్యాలయాలకూ వెళ్లాయి. పర్సనల్ కంప్యూటర్లు ఇంకా ఇళ్లలోకి రాని కాలం అది. మన దేశంలో ఓటింగ్ యంత్రాలు తయారుచేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. రెండోది బెంగళూరులోని బీఈఎల్.

ఆ ఓటింగ్ యంత్రం దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. బటన్ నొక్కితే ఓటు పడుతుంది, లెక్కింపులో తప్పు రాదు, యంత్రాన్ని నమ్మండి అని చాలాకాలం చెప్పారు. 2013లో సుప్రీం కోర్టు అది సరిపోదంది. స్వేచ్ఛగా, న్యాయంగా ఎన్నికలు జరగాలంటే కాగితం ఆధారం తప్పనిసరి అంది. ఆ తర్వాతే వీవీప్యాట్ దేశమంతటా వచ్చింది. అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు ఉన్న చీటీ గాజు పలక వెనక 7 సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. ఇంజనీర్లకు యంత్రం మీద ఎంత నమ్మకం ఉన్నా, ఓటరు తన కళ్లతో చూసుకునే వీలుండాలని దేశం తీర్మానించుకుంది. తన ఓటు ఎటు పడిందో చూసుకునే హక్కున్న మనిషికి, తన బియ్యం ఎందుకు ఆగాయో తెలుసుకునే హక్కు ఉండదా?

ఇప్పుడు పాఠానికి వస్తాను.

1960ల మొదట్లో కృత్రిమ మేధ పరిశోధకులు ఒక పెద్ద ఆశతో ఉండేవారు. ఏ సమస్యనైనా పరిష్కరించే ఒకే ఒక ఆలోచనా పద్ధతి ఉంటుందని, దాన్ని కంప్యూటరుకు నేర్పితే చాలని అనుకున్నారు. 1965లో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్, నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ కలిసి వేరే దారి పట్టారు. బ్రూస్ బుకానన్, రసాయన శాస్త్రవేత్త కార్ల్ జెరాసీ తర్వాత తోడయ్యారు. మాస్ స్పెక్ట్రోమీటరు ఇచ్చే అంకెలు చూసి ఒక పదార్థపు అణువులో పరమాణువుల అమరిక ఏమిటో ఊహించే పని వాళ్లు ఎంచుకున్నారు. ఆ ప్రోగ్రామ్ పేరు డెండ్రాల్. పనిచేస్తున్న కొద్దీ వాళ్లకు ఒకటి తేలింది. గొప్ప తర్కం ఒక్కటే ఉంటే పని నడవదు. ఆ రంగంలో పండిపోయిన మనిషికి తెలిసిన వందలాది చిన్న చిన్న విషయాలు కావాలి. అలాంటి అంకె కనిపిస్తే ఇలాంటి ముక్క విరిగి ఉంటుంది అనే అనుభవ జ్ఞానం కావాలి. ఎక్స్‌పర్ట్ సిస్టమ్ అనే ఆలోచన అక్కడ పుట్టింది.

డెండ్రాల్ తర్వాత అదే స్టాన్‌ఫర్డ్‌లో 1970ల మొదట్లో మైసిన్ వచ్చింది. ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ దాన్ని తన పీహెచ్‌డీ కోసం రాశాడు. రక్తంలో బాక్టీరియా చేరిన రోగికి, మెనింజైటిస్ వచ్చిన రోగికి ఏ యాంటీబయాటిక్ ఎంత మోతాదులో ఇవ్వాలో సలహా చెప్పడం దాని పని. దాని లోపల దాదాపు 600 నియమాలు ఉండేవి. ప్రతి నియమమూ ‘ఇది ఇలా ఉండి, అది అలా ఉంటే, ఫలానాది కావచ్చు’ అనే రూపంలోనే. డాక్టరు టెర్మినల్ ముందు కూర్చుంటే అది ప్రశ్నలు అడుగుతుంది. రోగి వయసెంత, శాంపిల్ ఎక్కడినుంచి తీశారు, రంగు పరీక్షలో సూక్ష్మజీవి ఎలా కనిపించింది అంటూ.

మైసిన్‌లో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది రోగ నిర్ధారణ కాదు. మధ్యలో డాక్టరు ‘ఎందుకు?’ అని టైపు చేయవచ్చు. ఈ ప్రశ్న నన్ను ఎందుకు అడుగుతున్నావు అని. అప్పుడు మైసిన్ తను ఏ సంగతి తేల్చాలని చూస్తోందో, అందుకు ఏ నియమం వాడుతోందో, ఆ నియమంలో ఇప్పటికే ఏవి నిజమని తేలాయో, ఇంకా ఏది తెలియాలో వరుసగా చూపించేది. చివర్లో ‘ఎలా?’ అని అడిగితే, ఆ నిర్ధారణకు తనను తీసుకెళ్లిన నియమాలను నంబర్లతో సహా చెప్పేది. తను చెప్పిన దానికి తనే జవాబుదారీగా నిలబడటం దాని తయారీలోనే ఉంది.

1979లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో దాని పరీక్ష ఫలితాలు వచ్చాయి. మెనింజైటిస్ కేసులు 10 తీసుకున్నారు. మైసిన్ రాసిన మందులను, స్టాన్‌ఫర్డ్ వైద్యులు రాసిన మందులను ఏది ఎవరిదో చెప్పకుండా కలిపి, బయటి నిపుణులు 8 మందికి ఇచ్చారు. మైసిన్ రాసిన చికిత్సకు వచ్చిన మార్కులు ఆ వైద్యుల్లో ఎవరికన్నా తక్కువ కాలేదు. అయినా అది ఆసుపత్రి వార్డులోకి వెళ్లలేదు. పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు అప్పట్లో జవాబు దొరకలేదు. వివరాలన్నీ చేత్తో టైపు చేస్తూ కూర్చునే తీరిక డాక్టర్లకూ లేదు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది, మంత్రి గారూ. తేడా ఒక్కటే. అప్పుడు దానికి జవాబు దొరకలేదని యంత్రాన్ని ఆపారు. ఇప్పుడు దొరకకపోయినా నడిపేస్తున్నారు.

ఎక్స్‌పర్ట్ సిస్టమ్ లోపల ఏముంటుందో మా విద్యార్థులకు వరి చేను ఉదాహరణతో చెప్పేవాణ్ని. రాజేంద్రనగర్‌లోని మేనేజ్ అనే వ్యవసాయ విస్తరణ సంస్థ ‘రైస్ క్రాప్ డాక్టర్’ పేరుతో వరి పురుగులు, తెగుళ్లు, పోషక లోపాలు గుర్తుపట్టే ఎక్స్‌పర్ట్ సిస్టమ్ ఒకటి తయారుచేసింది. కింద నేను చెప్పే నియమాలు దాంట్లోవి కావు, పొలం తెలిసిన ఎవరైనా చెప్పేవే. పిలకల దశలో మొవ్వు ఎండిపోయి, పట్టుకుని లాగితే సులువుగా ఊడి వస్తే అది మొగిపురుగు. మొవ్వు ఎండకుండా ఉల్లికాడలా గొట్టంగా తయారైతే ఉల్లికోడు. చేలో అక్కడక్కడ సుడులు సుడులుగా ఎండుతూ, దుబ్బుల మొదళ్లలో దోమ కనిపిస్తే సుడిదోమ. ఆకుల మీద నూలుకండె ఆకారంలో మచ్చలు వచ్చి, మచ్చ నడుమ బూడిద రంగు, అంచున గోధుమ రంగు ఉంటే అగ్గితెగులు.

ఈ నాలుగు వాక్యాలూ ఒక చోట రాసి పెడితే అది జ్ఞాన భాండారం. వాటిని చదివి, రైతు చెప్పిన లక్షణాలతో పోల్చి, ఒక నిర్ణయానికి వచ్చే ప్రోగ్రామ్ వేరే ఉంటుంది. దాన్ని ఇన్ఫరెన్స్ ఇంజిన్ అంటారు. అది రెండు రకాలుగా నడుస్తుంది. రైతు చెప్పిన లక్షణాల నుంచి మొదలుపెట్టి రోగం దాకా ముందుకు రావచ్చు. లేదా ఉల్లికోడు అయి ఉంటుందని ముందు అనుమానించి, అది నిజం కావాలంటే ఏమేం ఉండాలో వెనక్కి వెళ్లి ఒక్కొక్కటే అడగవచ్చు. మైసిన్‌ది రెండో పద్ధతి. ఇప్పుడు రైతు ‘పురుగు మందు కొట్టమన్నావు సరే, అగ్గితెగులు ఎందుకు కాదు?’ అని అడిగితే, ‘ఆకుల మీద మచ్చలు లేవని నువ్వే చెప్పావు, అందుకని నాలుగో నియమం వర్తించలేదు’ అని జవాబు వస్తుంది. అగ్గితెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది, మొగిపురుగు కీటకం. ఒకదాని మందు ఇంకొకదానికి కొడితే డబ్బూ పోతుంది, పంటా పోతుంది. కారణం తెలిస్తే రైతు తన చేలోకి మళ్లీ వెళ్లి, యంత్రం తప్పు పట్టుకోగలడు. మచ్చలు ఉన్నాయి, నేను పొద్దున సరిగ్గా చూడలేదు అనగలడు. కారణం చెప్పని సలహాను సరిదిద్దే దారి ఎవరికీ ఉండదు.

జ్ఞానాన్నీ ఇంజిన్‌నూ విడివిడిగా ఉంచడం చిన్న విషయం కాదు. మైసిన్‌లోంచి అంటువ్యాధుల నియమాలన్నీ తీసేసి, ఖాళీ చట్రాన్ని మాత్రం ఉంచి దానికి ఈమైసిన్ అని పేరు పెట్టారు. అందులో ఊపిరితిత్తుల పరీక్షల నియమాలు పోస్తే పఫ్ అనే కొత్త సిస్టమ్ తయారైంది. ప్రభుత్వానికి ఇది వరం లాంటిది. రేషన్, పింఛన్, స్కాలర్‌షిప్, ఇళ్ల పట్టా, అన్నిటికీ ఒకే ఇంజిన్ చాలు. మారేవి నియమాలే. జీవో మారినప్పుడు ఆ ఒక్క నియమం మార్చుకుంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక తెలుగు పేరు చెప్పాలి. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు, ప్రపంచానికి రాజ్ రెడ్డి. కంప్యూటర్ రంగంలో అత్యున్నత గౌరవమైన ట్యూరింగ్ అవార్డును 1994లో ఫైగెన్‌బామ్‌తో పాటు అందుకున్నది ఆయనే. పెద్ద ఎత్తున ఏఐ సిస్టమ్స్ కట్టి, అవి నిజంగా పనికొస్తాయని చూపినందుకు ఇద్దరికీ కలిపి ఇచ్చారు. కార్నెగీ మెలన్‌లో ఆయన బృందం 1970లలో మనిషి మాటను అర్థం చేసుకునే హియర్‌సే-2 కట్టింది. అందులో శబ్దాలు తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసినది ఒకటి, వ్యాకరణం తెలిసినది మరొకటి. అందరికీ కలిపి ఒకే నల్లబల్ల ఉంటుంది. ఎవరికి తోచింది వాళ్లు దాని మీద రాస్తారు, ఎంత నమ్మకంతో రాశారో కూడా రాస్తారు. ఒకరి ఊహను మరొకరు బలపరుస్తారు, లేదా కొట్టేస్తారు. అలా చివరికి వాక్యం తేలుతుంది. ఏ ఊహ ఎవరు రాశారో బల్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. ఒక దరఖాస్తు మీద పది శాఖల సమాచారం కలిపేటప్పుడు మనకు కావలసింది సరిగ్గా ఇదే. ఏ శాఖ ఏం చెప్పింది, ఎంత నమ్మకంతో చెప్పింది అన్నది చెరిగిపోకుండా ఉండాలి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి పాలక మండలి అధ్యక్షుడిగా ఉండి, ఆర్జీయూకేటీకి ఛాన్సలరుగా ఉండి ఆయన ఇక్కడి పిల్లలకు చాలా చేశారు. ఆయన ఆలోచన కూడా మన పాలనలోకి రావాలని నా కోరిక.

ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ గురించి మంచే చెప్పి ఊరుకుంటే మిమ్మల్ని తప్పుదారి పట్టించినట్టవుతుంది. కార్నెగీ మెలన్‌లోనే జాన్ మెక్‌డెర్మాట్ రాసిన ఎక్స్‌కాన్ 1980 నుంచి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసింది. కొనేవాళ్లు అడిగిన వ్యాక్స్ కంప్యూటరుకు ఏ భాగాలు కావాలి, ఏ కేబుల్ ఎక్కడ పెట్టాలి అని అది తేల్చేది. కంపెనీకి ఏటా కోట్ల డాలర్లు మిగిల్చింది. కానీ కొన్ని వందలతో మొదలైన నియమాలు పెరిగి పెరిగి 10 వేలు దాటాయి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా ఎన్నో నియమాలు తిరగరాయాలి. ఒకటి మారిస్తే ఇంకెక్కడో తేడా కొడుతుంది. వాటిని చూసుకోవడానికే ఒక బృందం కావలసి వచ్చింది. మన దేశంలోనూ 1986లో ఐక్యరాజ్య సమితి సాయంతో నాలెడ్జ్ బేస్డ్ కంప్యూటర్ సిస్టమ్స్ ప్రాజెక్టు మొదలైంది, ఎక్స్‌పర్ట్ సిస్టమ్స్ బాధ్యత ఐఐటీ మద్రాసుకు వచ్చింది. అయితే 1980ల చివరికి ప్రపంచమంతా ఉత్సాహం చల్లబడింది. ఈ సిస్టమ్స్ తమంతట తాము నేర్చుకోవు. తమ నియమాలకు బయట ఏదైనా వస్తే తడబడతాయి.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకోటి. నిపుణుడికి తెలిసిందంతా నోటితో చెప్పడం రాదు. గట్టు మీద నిలబడి చేను రంగు చూసి చెప్పేస్తాడు రైతు. ఎలా తెలిసిందంటే, తెలుస్తుందంటాడు. అతని దగ్గర వారాల తరబడి కూర్చుని, అలా కాకపోతే ఏమంటావు, ఇలా ఉంటే ఏమంటావు అని అడిగి అడిగి నియమాలు రాబట్టాలి. దానికి ఓపిక కావాలి, అడిగే మనిషికి ఆ పని మీద గౌరవం కావాలి. మన ట్రిపుల్ ఐటీ వాళ్లు 2004లో వరంగల్ జిల్లాలో మూడు గ్రామాల్లోని 1051 పత్తి చేలతో ‘ఈ-సాగు’ చేసినప్పుడు ఈ చిక్కును ఇంకో రకంగా దాటారు. గ్రామంలో శిక్షణ పొందిన మనిషి ప్రతి చేనూ ఫొటోలు తీసేవాడు. అవి హైదరాబాద్‌లోని వ్యవసాయ నిపుణులకు చేరేవి. వాళ్లు ఒక్కో చేనుకు విడివిడిగా సలహా రాసి పంపేవారు. నిపుణుడు మనిషిగానే ఉన్నాడు, అతని చూపును చేను దాకా తీసుకెళ్లడమే యంత్రం పని. ఆ పద్ధతి నాకు ఇప్పటికీ ఎంతో నచ్చుతుంది.

ఇప్పుడు రేషన్ కార్డుల సంగతి. తెలంగాణలో సుమారు 19 లక్షల కార్డుల రద్దు విషయం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. ఇంటికి వచ్చి విచారించకుండా, కంప్యూటరు లెక్కల ఆధారంగా కార్డులు తీసేశారన్నది అక్కడ వచ్చిన ఫిర్యాదు. 2022 ఏప్రిల్‌లో కోర్టు వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. అవి ఎవరి హయాంలో పోయాయన్నది ఈ ఉత్తరం విషయం కాదు. 2025లో మీ ప్రభుత్వం కొత్త కార్డులు ఇవ్వడం మొదలుపెట్టింది, చాలా ఇళ్లకు అది మేలు చేసింది. నన్ను బాధించేది ఆ రద్దులు జరిగిన తీరు. వివిధ శాఖల రికార్డులను కలిపి ఒక్కో మనిషి గురించి ఒక చిత్రం గీసే ‘సమగ్ర వేదిక’ అనే ఏర్పాటు మన రాష్ట్రంలో ఉంది. ఫలానా వ్యక్తికి కారు ఉందని, పెద్ద ఆదాయం ఉందని అలాంటి ఏర్పాటు చెబితే, నిజానికి అది చెబుతున్నది ఒకే పేరున్న రెండు రికార్డులు ఒకే మనిషివి కావచ్చు అని. ఆ ‘కావచ్చు’ దారిలో ఎక్కడో జారిపోతుంది. దరఖాస్తుదారు దాకా వచ్చేది ‘అనర్హులు’ అనే ఒక్క మాటే.

మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఒక వీధిలో ఎందరు శ్రీనివాసులు, ఎందరు లక్ష్ములు ఉంటారు! ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఓటరు జాబితాలో చివర ఉంటుంది, ఆర్టీఏ కాగితంలో ఒక్క పొడి అక్షరం మిగులుతుంది. లక్ష్మి అన్న పేరునే ఇంగ్లీషులో ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు, మరొకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు. మైసిన్ రాసినవాళ్లకు ఇలాంటి అనుమానాలతో ఎలా మెలగాలో తెలుసు. ప్రతి నిర్ధారణకూ నమ్మకం ఎంతో -1 నుంచి +1 మధ్య ఒక అంకె వేసేవారు. ఉదాహరణకు, పేరు కలిసింది కాబట్టి ఇద్దరూ ఒకరే అన్న నమ్మకం 0.4 అనుకుందాం. చిరునామా కొంత కలిసింది, అందువల్ల ఇంకో 0.3. మైసిన్ పద్ధతిలో కలిపితే 0.4కు మిగిలిన 0.6లో 0.3 వంతు, అంటే 0.18 చేరుతుంది. మొత్తం 0.58. ఆ అంకె చూసిన డాక్టరు ఇంకో పరీక్ష రాస్తాడు. 0.58 పట్టుకుని ఎవరి కాలూ తీసేయడు. ఒక కుటుంబం బియ్యం విషయంలో మనం అంతకన్నా తక్కువ జాగ్రత్తగా ఉండటం తగదు.

పట్టణాల్లో కార్డుకు అర్హత కుటుంబ ఆదాయం ఏడాదికి 2 లక్షల రూపాయల లోపు అని నియమం. పల్లెల్లో 1.5 లక్షలు, మాగాణి అయితే 3.5 ఎకరాలు, మెట్ట అయితే 7.5 ఎకరాలు అని నియమం. ఇవి అచ్చంగా ఎక్స్‌పర్ట్ సిస్టమ్‌కు సరిపోయే వాక్యాలు. లక్షల ఫొటోలు చూసి నేర్చుకునే యంత్రం వీటికి అక్కర్లేదు. నియమం ముందే రాసి ఉంది, జీవో నంబరుతో సహా. దాన్ని ఎవరి మీద, ఏ ఆధారంతో వర్తింపజేశామన్నది చెప్పడమే మిగిలింది. ఆ చెప్పడం మీ దయ మీద ఆధారపడిన సంగతి కూడా కాదు. 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది, పరిపాలనా నిర్ణయాలకు కారణాలను వాటివల్ల ప్రభావితమైన వారికి ప్రభుత్వ సంస్థలే తెలపాలని. యంత్రం తేల్చిందన్నంత మాత్రాన ఆ సెక్షన్ రద్దు కాలేదు.

ఈ మధ్య వచ్చిన పెద్ద భాషా నమూనాలు అడిగితే కారణం చెబుతాయి కదా అని మీ సలహాదారులు అనవచ్చు. ఈ ఒక్క మాట దయచేసి శ్రద్ధగా వినండి. చాట్‌బాట్‌ను ‘ఎందుకు కాదన్నావు?’ అని అడిగితే అది చక్కటి తెలుగులో ఒక కారణం రాస్తుంది. కానీ లోపల కోట్ల అంకెల గుణకారాల్లో ఆ నిర్ణయం ఎలా పుట్టిందో, ఆ రాసిన కారణానికీ దానికీ సంబంధం ఉండాలన్న నియమం లేదు. వినడానికి బాగుండే కారణం అది అప్పటికప్పుడు కూర్చగలదు. ఎక్స్‌పర్ట్ సిస్టమ్ చూపే కారణం అలాంటిది కాదు. తను నడిచిన దారినే చూపిస్తుంది. కోర్టులో నిలబడేది అదే. తహసీల్దారు సరిదిద్దగలిగేది అదే.

కొత్త యంత్రాలు వద్దని నేననడం లేదు. చదువురాని అవ్వ తన యాసలో చెప్పుకున్న మాట విని ఫారం నింపడానికి వాటిని మించినవి లేవు. జీవోలోని కోర్టు భాషను మామూలు తెలుగులోకి మార్చి వినిపించడానికీ అంతే. రాజ్ రెడ్డి గారి లాంటి వాళ్లు మాట గుర్తుపట్టే యంత్రాల కోసం దశాబ్దాలు పనిచేసిన ఫలం అది, వాడుకోవాలి. వినడం, చెప్పడం వాటికి ఇవ్వండి. అవును, కాదు అని తేల్చే చోట మాత్రం రాసిపెట్టిన నియమాలే ఉండాలి. నియమాలతో తేలనిది, రికార్డులు సరిగ్గా కలవనిది ఏదైనా వస్తే, యంత్రం ‘నాకు తెలియదు’ అని ఒప్పుకుని ఫైలును ఒక మనిషి చేతికి ఇవ్వాలి. ఆ మనిషి పేరూ హోదా చీటీ మీద ఉండాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. నాసా 1985లో తయారుచేసిన క్లిప్స్ అనే ఇన్ఫరెన్స్ ఇంజిన్ ఈనాటికీ ఉచితంగా దొరుకుతుంది, మామూలు కంప్యూటరు మీద నడుస్తుంది. ఖర్చయ్యేది నియమాలు రాబట్టడానికి పట్టే మనుషుల కాలం. ఆ పని కాప్రా మండలంలో మొదలుపెట్టమని కోరుతున్నాను. ఒక్క మండలం, ఒక్క సేవ, రేషన్ కార్డు. రోజూ కౌంటర్ ముందు జనంతో మాట్లాడే మీసేవ ఆపరేటర్లను, ఎవరి ఇంట్లో పరిస్థితి ఏమిటో తెలిసిన రేషన్ డీలర్లను, తహసీల్దారు కార్యాలయంలో ఏళ్ల తరబడి ఈ ఫైళ్లు చూసిన గుమాస్తాలను కూర్చోబెట్టండి. పనివారు, కిరాయి ఇళ్లు మారే కుటుంబాలు, భర్త చనిపోయి కార్డు ఇంకా అతని పేరు మీదే ఉన్న ఆడవాళ్లు, వీళ్ల కేసుల్లో ఎక్కడ తప్పు జరుగుతుందో వాళ్లకు తెలుసు. ఆ తెలివిని ఇప్పటిదాకా ఎవరూ అడిగి రాసుకోలేదు.

రాసినవాటిని పరీక్షించడానికి ఏఎస్ రావు నగర్‌లో, కుషాయిగూడలో, సైనిక్‌పురిలో రిటైరైన ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. జీవితమంతా యంత్రాలకు తప్పులు వెతికిన మనుషులు వాళ్లు. పాత దరఖాస్తుల్లో నిజం ఏమిటో విచారణలో తేలిపోయిన కొన్ని వందల కేసులు పేర్లు తీసేసి ఇవ్వండి. మైసిన్‌ను పరీక్షించినట్టే, యంత్రం చెప్పిందేదో అధికారి చెప్పిందేదో తెలియకుండా కలిపి, మూడో మనిషి చేత దిద్దిద్దాం. యంత్రం ఎక్కడ తప్పిందో ఆ నియమాన్ని అక్కడే తిరగరాద్దాం. ఎక్స్‌కాన్ నేర్పిన పాఠం మర్చిపోకుండా, నియమాలను ఎప్పటికప్పుడు చూసుకునే ఉద్యోగి ఒకరిని శాశ్వతంగా పెట్టండి. టెండరు ముగియగానే వెళ్లిపోయే కంపెనీ చేతిలో వదిలేయకండి.

ఆ నియమాల ముసాయిదా సిద్ధమయ్యాక తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి తహసీల్దారు కార్యాలయంలోనూ ప్రతి రేషన్ షాపులోనూ నెల రోజులు పెట్టించండి. మేం చదివి మా అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇస్తాం. ఈ పనికి నా వంతు సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను, జీతభత్యాలు అక్కర్లేదు.

ఇట్లు,
కాప్రా నివాసి,
విశ్రాంత కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు